చోక్ వైరు ఎందుకు కరిగింది? ఒక 1986 అంబాసిడర్ స్టార్టింగ్ కేసు

విజయవాడ ఆటోనగర్‌లో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. ఇప్పుడొచ్చే బళ్లలో చాలావాటికి స్కానర్ తగిలిస్తే తప్పు ఎక్కడుందో కొంతవరకు అదే చెప్తుంది. పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంచి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్), వాటికి తోడుండే కండెన్సర్ ఉన్న పాత బండి వస్తే మాత్రం చెవి, చెయ్యి, ఒక మల్టీమీటర్, అంతే. గత ఏడాది మా షాపుకొచ్చిన ఒక అంబాసిడర్ సంగతి మొదటి నుంచి చివరి దాకా రాస్తున్నాను. పాత బండిని ఇంకా ఇష్టంగా నడుపుతున్నవాళ్లకీ, ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్లకీ పనికొస్తుంది. ఈ కేసులో నేనూ ఒక పొరపాటు చేశాను. అది కూడా రాశాను.

బండి, దాని నోట్‌బుక్

1986 మోడల్, మార్క్ 4. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్, ఒకే ఎస్‌యూ కార్బొరేటర్, లూకాస్ డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ని ప్లగ్గులకు పంచేది, పాయింట్లు ఉండేదీ ఇందులోనే), బెండిక్స్ రకం సెల్ఫ్ మోటార్. డైనమో తీసేసి ఎప్పుడో ఆల్టర్నేటర్ పెట్టారు. నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ బాడీకి కలిపి ఉంటుంది. ఓనరు నూజివీడు వైపు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. వాళ్ల నాన్నగారు కొన్న బండి. 2014 మేలో పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలోని ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయాక ఇద్దరు ముగ్గురు బేరానికి వచ్చినా ఇవ్వలేదట.

తాడు కట్టి జీపుతో లాక్కొచ్చారు. మాస్టారు చెప్పిన ఫిర్యాదు ఇది: సెల్ఫ్ కొడితే ఒక్కోసారి టక్‌మని ఊరుకుంటుంది. ఒక్కోసారి తిరుగుతుంది కానీ నీరసంగా, పది రోజులు జ్వరం పడి లేచిన మనిషి నడిచినట్టు. తిరిగినా ఇంజిన్ అందుకోదు. విసుగొచ్చి కీ వదిలేస్తే, సరిగ్గా వదిలిన ఆ క్షణంలో అందుకుంటుంది. రోడ్డెక్కితే మిస్సింగ్, అంటే ఉండుండి స్పార్క్ తప్పినట్టు కుదుపు. ఈ మధ్య కొత్తగా ఇంకోటి: ఇరవై కిలోమీటర్లు పోయేసరికి ఉన్నట్టుండి ఆగిపోతుంది, అరగంట చెట్టు కింద పెడితే మళ్లీ స్టార్టవుతుంది.

ఇన్ని జబ్బులు ఒకేసారి చెప్తే నేను బానెట్ ఎత్తను. ఏది ముందొచ్చింది, ఏది తర్వాతొచ్చింది, మధ్యలో ఎవరు ఏం మార్చారు అని అడుగుతాను. చాలామందికి గుర్తుండదు. మాస్టారు మాత్రం సంచిలోంచి అట్ట వేసిన నోట్‌బుక్ తీశారు. ప్రతి రిపేరుకూ తారీఖు, కిలోమీటర్ల రీడింగు, మార్చిన సామాను, ఖర్చు, అన్నీ ఎర్ర ఇంకుతో గీతలు కొట్టి రాసి ఉన్నాయి. మార్చిన పాత సామాను కూడా డిక్కీలో గోనెసంచిలో ఉంచారు. ఇలాంటి ఓనరు దొరకడం అదృష్టం.

ఆ పుస్తకంలో ఉన్నది ఇదీ. ఏప్రిల్‌లో క్లచ్ ప్లేటు కోసం గేర్‌బాక్స్ దించారు. అదే పనిలో పనిగా బండి అడుగు భాగమంతా తుప్పు పట్టకుండా నల్ల కోటింగ్ కొట్టించారు. జూన్‌లో సెల్ఫ్ నీరసం, కొత్త బ్యాటరీ. జులైలో చోక్ వైరు (డ్యాష్‌బోర్డు మీది చోక్ నాబ్ నుంచి కార్బొరేటర్‌కి వెళ్లే తీగ) పట్టేసింది, మార్చారు. ఆగస్టులో సెల్ఫ్ మోటార్ విప్పి బుష్‌లు, కార్బన్ బ్రష్‌లు వేశారు. సెప్టెంబరులో మిస్సింగ్ అని పాయింట్లు, ప్లగ్గులు, ఇగ్నిషన్ కాయిల్ (బ్యాటరీ వోల్టేజిని స్పార్క్‌కి సరిపడా పెంచేది) కొత్తవి పెట్టారు. అక్టోబరులో చోక్ వైరు మళ్లీ. నవంబరు నుంచి దారిలో ఆగిపోవడం.

బానెట్ ఎత్తకముందే దొరికిన రెండు ఆనవాళ్లు

మొదటిది మాస్టారు మాటల్లో దొరికింది. "హాండిల్ వేస్తే రెండో తిప్పుకే అందుకుంటుంది బాబూ. సెల్ఫ్ కొడితేనే మొండికేస్తుంది" అన్నారు. అంబాసిడర్‌కి ముందు బంపరు దగ్గర కంతలోంచి హాండిల్ వేసి తిప్పి స్టార్ట్ చేసుకునే వీలుంది కదా, ఆయనకి ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. (హాండిల్ వేసేవాళ్లు బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి, చుట్టి పట్టుకోకూడదు. ఇంజిన్ వెనక్కి తంతే మణికట్టు విరుగుతుంది. మా గురువుగారి చెయ్యి అలాగే పోయింది.)

మనిషి చేత్తో తిప్పితే అందుకునే ఇంజిన్, అంతకంటే వేగంగా తిప్పే మోటారుకు ఎందుకు అందుకోదు? పెట్రోలు, టైమింగ్, కంప్రెషన్ రెండుసార్లూ అవే. తేడా ఒక్కటే: సెల్ఫ్ మోటార్ కరెంటు లాగుతున్నప్పుడు స్పార్క్ బలహీనపడుతోంది. కీ వదిలిన క్షణంలో అందుకోవడం కూడా అదే చెప్తోంది. మోటారు లాగడం ఆగింది, స్పార్క్‌కి బలం వచ్చింది, ఇంజిన్ ఇంకా ఆ ఊపులో తిరుగుతోంది, అందుకుంది.

రెండోది నోట్‌బుక్‌లో ఉంది. నాలుగు నెలల్లో రెండు చోక్ వైర్లు. చోక్ వైరు అంటే మామూలుగా పదేళ్లకోసారి మార్చే వస్తువు. "ఎందుకు పోయిందన్నారు మాస్టారూ?" అని అడిగాను. "పైన ప్లాస్టిక్ కరిగి లోపలి తీగకు అతుక్కుపోయిందట. ఎగ్జాస్ట్ వేడి అన్నారు" అన్నారు. ఈ ఇంజిన్లో కార్బొరేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే వైపు ఉంటాయి కాబట్టి ఆ మాట నమ్మేలాగే ఉంది. గోనెసంచి తెరిచి పాత వైరు రెండూ తీశాను. చేత్తో తడుముతూ వెళ్తే కరిగిన చోటు మానిఫోల్డ్ దగ్గర లేదు. డ్యాష్‌బోర్డు కింద, మనిషి కూర్చునే వైపు ఉంది. అక్కడ ఎగ్జాస్ట్ వేడి ఎలా తగులుతుంది?

నాకు అప్పుడే ఒళ్లు జలదరించింది. ఆ వైరు కార్బొరేటర్‌లో పెట్రోలు నిలిచే బౌల్ పక్కకి వెళ్తుంది. రెండుసార్లు కరిగి కూడా బండి తగలబడలేదంటే దేవుడి దయ.

కరెంటు తిరిగి వచ్చే దారి

ఇది అర్థం కావాలంటే ఒక్క విషయం కళ్లకు కట్టాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి లావు కేబుల్ సాలినాయిడ్‌కి (కీ తిప్పితే మోటారుకి లావు కరెంటు కలిపే స్విచ్), అక్కడి నుంచి సెల్ఫ్ మోటార్‌కి వెళ్తుంది. అది అందరూ చూస్తారు, అందరూ తుడుస్తారు. కానీ మోటార్ ఇంజిన్‌కి బిగించి ఉంటుంది. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుని ఉంటుంది. రబ్బరులోంచి కరెంటు పోదు. బ్యాటరీ నెగటివ్ కేబుల్ ఏమో బాడీకి బిగించి ఉంది. అంటే మోటారులోకి వెళ్లిన కరెంటు అంతా ఇంజిన్ నుంచి బాడీకి, బాడీ నుంచి బ్యాటరీకి చేరడానికి ఒక వంతెన కావాలి. ఆ వంతెన గేర్‌బాక్స్ దగ్గరుండే జానెడు అల్లిక పట్టీ, రాగి తీగల జడ. మేం ఇంజిన్ ఎర్త్ అంటాం.

ఆ వంతెన కూలితే కరెంటు ఆగిపోదు. గండి పడ్డ కాలవలో నీళ్లు పొలాలకు అడ్డం పడి పోయినట్టు, ఇంజిన్‌కీ బాడీకీ మధ్య లోహపు ముక్క ఏది తగులుతుంటే దాంట్లోంచి పోతుంది. స్పీడోమీటర్ కేబుల్, సైలెన్సర్ గొట్టం, చోక్ వైరు. వీటిలో సన్నటిది చోక్ వైరు. అది హీటర్ కాయిల్‌లా పనిచేస్తుంది.

అనుమానం ఎంత గట్టిగా ఉన్నా మీటరు చెప్పేదాకా పానా పట్టుకోను. గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, ఇంజిన్ స్టార్ట్ కాకుండా కాయిల్ సన్న వైరు ఊడదీశాను. మా కుర్రాడు కీ తిప్పుతుంటే నేను రీడింగులు రాశాను.

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.58 వోల్టులు, అంటే బాగా చార్జ్ అయి ఉంది. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ పోస్టుల మీద 10.9. బ్యాటరీలో ఏ లోపమూ లేదు. అదే సమయంలో సెల్ఫ్ మోటార్ స్టడ్‌కీ మోటార్ బాడీకీ మధ్య 7.2 మాత్రమే. 3.7 వోల్టులు దారిలో ఎక్కడో పోతున్నాయి. పాజిటివ్ పోస్ట్ నుంచి మోటార్ స్టడ్ దాకా కొలిస్తే 0.4. అది పర్వాలేదు, ఆ వైపు మొత్తం 0.5 లోపు ఉంటే నేను ఒప్పుకుంటాను. ఇక నెగటివ్ పోస్ట్ నుంచి ఇంజిన్ బ్లాక్‌కి: 3.3. అందులో పోస్ట్ నుంచి బాడీకి 0.1, బాడీ నుంచి బ్లాక్‌కి 3.2.

వైరు చుట్టూ పట్టించి డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ ఉంది కాబట్టి బ్యాటరీ కేబుల్‌కి తగిలించాను: 110 ఆంపియర్లు. తర్వాత అదే క్లాంప్‌ని డ్యాష్‌బోర్డు కింద చోక్ వైరు చుట్టూ పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాను. 26 ఆంపియర్లు చూపించింది. మాస్టారు వంగి ఆ అంకె చూసి, తన వేలు వైరు మీద పెట్టి, చురుక్కుమంటే తీసేశారు. రెండు హెడ్‌లైట్లు కలిపినా లాగని కరెంటు ఆ సన్న వైరులోంచి పోతోంది.

ఇక్కడ స్పార్క్ సంగతి కూడా తేలిపోయింది. కాయిల్‌కి పాజిటివ్ బ్యాటరీ వైపు నుంచి వస్తుంది, కానీ దాని కరెంటు పాయింట్ల గుండా ఇంజిన్ బ్లాక్‌లోకే దిగుతుంది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ ఆ బ్లాక్ 3.3 వోల్టులు పైకి లేచి ఉంది. 10.9లోంచి అది పోను, స్విచ్, వైరింగ్‌లో పోయేది పోను కాయిల్‌కి దక్కేది దాదాపు 7.3. హాండిల్ వేసినప్పుడు మోటారు తిరగదు, బ్లాక్ లేవదు, కాయిల్‌కి పన్నెండూ దక్కుతాయి. ఒకే పట్టీ తెగి సెల్ఫునీ చంపింది, స్పార్క్‌నీ చంపింది. రెండు జబ్బులనుకుని మాస్టారు ఆరు నెలల్లో రెండింటికీ విడివిడిగా డబ్బు కట్టారు.

మీటరు లేనివాళ్లకి రెండు తేలిక పరీక్షలు చెప్తాను. రాత్రిపూట హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొట్టండి. సెల్ఫ్ నీరసంగా తిరుగుతూ లైట్లు కూడా బాగా మసకబారితే బ్యాటరీనో, బ్యాటరీ క్లాంపులనో, లోపల పట్టేసిన మోటారునో అనుమానించాలి. సెల్ఫ్ నీరసంగా ఉండి లైట్లు మాత్రం పెద్దగా తగ్గకపోతే, లైట్ల ఎర్త్ బాడీకి ఉంటుంది కాబట్టి, బ్యాటరీ, బాడీ బాగానే ఉన్నట్టు. తప్పు మోటారు వైపు దారిలో ఉంది. రెండోది ఇంకా సూటిగా ఉంటుంది. జంపర్ కేబుల్ ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కి, రెండో కొస ఇంజిన్ మీద రంగులేని, జిడ్డులేని ఇనుముకి పట్టించి సెల్ఫ్ కొట్టండి. మాస్టారు బండికి అలా పట్టించగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది. మా వీధిలో పక్క షాపువాళ్లు కూడా తలెత్తి చూశారు.

ఇంతకుముందు చూసినవాళ్లు ఎర్త్ చూడలేదని అనను. చూశారట. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి బ్లాక్‌కీ బాడీకీ తాకిస్తే బీప్ వచ్చింది, ఎర్త్ ఉంది అన్నారు. ఈ బీప్ మా పనిలో చాలామందిని మోసం చేస్తుంది. 110 ఆంపియర్లకు 3.2 వోల్టులు పోతున్నాయంటే అక్కడున్న రెసిస్టెన్స్ 0.03 ఓమ్ కూడా లేదు. మీటరు వైర్లకే అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. 0.03 ఉన్నా, 30 ఉన్నా బీప్ ఒకేలా వస్తుంది. లావు కరెంటు పోయే దారిని ఆ కరెంటు పోతుండగానే కొలవాలి. లోడు లేకుండా చేసిన పరీక్షని ఈ దారుల విషయంలో నేను లెక్కలోకే తీసుకోను.

పట్టీ విప్పితే కనబడింది

బండిని జాకీ మీద లేపి, కింద స్టాండ్లు పెట్టి వెనక్కి వాలి దూరాను. పట్టీ ఉంది. బోల్టులూ గట్టిగానే బిగించి ఉన్నాయి. పైనుంచి చూస్తే ఎవరికీ అనుమానం రాదు. విప్పి చేతిలోకి తీసుకుంటే గేర్‌బాక్స్ వైపు లగ్గు (బోల్టు పట్టే చివరి రేకు) దగ్గర సగానికి పైగా పోగులు తెగి, మిగిలినవి చిలుము పట్టి ఆకుపచ్చగా ఉన్నాయి. వేళ్లతో నలిపితే పొడి రాలింది. బాడీ వైపు ఇంకా ఘోరం. లగ్గుకీ బాడీకీ మధ్య నల్లటి కోటింగ్ దళసరిగా, తారు పూసినట్టు ఉంది. ఏప్రిల్‌లో గేర్‌బాక్స్ దించినప్పుడు పట్టీ ఊడదీశారు, అడుగంతా కోటింగ్ కొట్టారు, ఆరిన కోటింగ్ మీదే మళ్లీ లగ్గు పెట్టి బిగించారు. అప్పటి నుంచి బోల్టు మరల గుండా పోయే కాస్త కరెంటుతోనే బండి నడిచింది. తుప్పు పట్టకూడదని బండి మీద ప్రేమతో చేయించిన పని అది. మాస్టారుకి ఆ మాట చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది.

లారీలకు వాడే లావు అల్లిక పట్టీ కొత్తది తెచ్చాను. బాడీ వైపు రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద వెడల్పున కోటింగ్ గీకి, ఎమరీ పేపరుతో ఇనుము తళతళలాడేదాకా రుద్దాను. గేర్‌బాక్స్ వైపూ అంతే. పళ్ల వాషర్ వేసి బిగించాను. బిగించిన తర్వాతే పైనుంచి గ్రీజు పూశాను. ముందే పూసి బిగించేవాళ్లున్నారు, నాకు ఆ పద్ధతి నచ్చదు. లోహానికి లోహం తగిలాక గాలి, నీరు చొరకుండా పైన పూయడమే మంచిది. సాలినాయిడ్ టెర్మినళ్లు, బ్యాటరీ క్లాంపులు కూడా విప్పి శుభ్రం చేశాను.

మళ్లీ కొలిస్తే బ్యాటరీ మీద 10.4, పాజిటివ్ వైపు నష్టం 0.35, బ్లాక్‌కి 0.12, మోటారు మీద 9.9. కరెంటు 165 ఆంపియర్లు. బ్యాటరీ వోల్టేజి ఇంతకుముందు కంటే తగ్గింది కదా అని మా కుర్రాడు కంగారుపడ్డాడు. తగ్గాలి. ఇప్పుడు మోటారు తనకు కావలసినంత లాగుతోంది, అడ్డం లేదు. చోక్ వైరు మీద క్లాంప్ పెడితే అంకె దాదాపు సున్నా.

బెండిక్స్ మోటారు గురించి ఒక మాట. సెల్ఫ్ కొడితే వచ్చే శబ్దాలన్నీ ఒకటి కావు. ఒక్క టక్‌తో ఆగిపోతే సాలినాయిడ్ తన పని చేసింది, కానీ మోటారుకి చాలినంత కరెంటు అందలేదు. మోటారు ఝుయ్‌మని ఖాళీగా తిరిగి ఇంజిన్ కదలకపోతే పినియన్ (ఫ్లైవీల్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం) తన మర మీద జారి ముందుకు రాలేదు. అక్కడ మట్టీ నూనే కలిసి పట్టేసి ఉంటాయి. కిరసనాయిలుతో కడిగి పొడిగా ఉంచాలి, ఆయిల్ వేస్తే మళ్లీ దుమ్ము పట్టుకుంటుంది. కర్ర్‌మంటే ఫ్లైవీల్ రింగు పళ్లు అరిగాయి. మాస్టారు బండిది మొదటి రకం. ఆగస్టులో మోటారు విప్పాల్సిన అవసరమే లేదు.

కొత్త కాయిల్ తెచ్చిన జబ్బు

దారిలో ఆగిపోవడం నోట్‌బుక్‌లో నవంబరు నుంచే ఉంది. కాయిల్ మార్చింది సెప్టెంబరులో. కాబట్టి కాయిల్ నుంచే మొదలుపెట్టాను. వైర్లు ఊడదీసి ప్రైమరీ (కాయిల్లో బ్యాటరీ కరెంటు పోయే చుట్టు) కొలిస్తే 1.5 ఓమ్. ఈ బండికి 3 ఓమ్ పైన ఉండే కాయిల్ కావాలి. 1.5 ఓమ్ కాయిల్ చెడ్డదేమీ కాదు, కానీ అది బయట బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కి వెళ్లే కరెంటుని తగ్గించేది) ఉండే బళ్లకు తయారైంది. రెసిస్టర్ లేకుండా నేరుగా 12 వోల్టులు ఇస్తే పాయింట్లు మూసుకున్నప్పుడల్లా 4 ఆంపియర్ల లోపు పోవలసిన చోట 8 పోతాయి. కాయిల్ కాలిపోయేంత వేడెక్కి స్పార్క్ ఆపేస్తుంది, చల్లారితే మళ్లీ ఇస్తుంది; దారిలో ఆగిపోవడం అందుకే. పాయింట్లూ కాలుతాయి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి చూస్తే రెండు నెలల నాటి పాయింట్లు నీలంగా కమిలి, ఒక వైపు గుంట, రెండో వైపు మొటిమ కట్టి ఉన్నాయి.

గోనెసంచిలోంచి మాస్టారు పాత కాయిల్ తీసిచ్చారు. కొలిస్తే 3.2. అది అసలు పోనేలేదు. తుడిచి దాన్నే మళ్లీ బిగించాను. పాయింట్లు కొత్తవి వేసి గ్యాప్ 0.40 మిల్లీమీటర్లు పెట్టాను. ప్లగ్గుల గ్యాప్ 0.025 అంగుళం. కండెన్సర్ 0.21 మైక్రోఫారడ్ చూపించింది, మార్చలేదు. పాత కండెన్సర్ మంచిదైతే దాన్నే ఉంచడం నా అలవాటు. ఇప్పుడు కొత్తగా దొరికేవాటిలో నాసిరకం చాలా ఎక్కువ, పెట్టిన వారానికే తిరిగొచ్చినవి చూశాను.

ఆటోనగర్‌లో నాలుగు వీధులు తిప్పాను. సెల్ఫ్ ముట్టుకుంటే స్టార్టు. ఐడ్లింగ్ గడియారంలా ఉంది. బండి ఇచ్చేశాను. ఇదే నా పొరపాటు. మాస్టారు మొదట చెప్పిన మిస్సింగ్ రోడ్డు మీద వచ్చేది. నేను రోడ్డు మీదికి తీసుకెళ్లలేదు. సెప్టెంబరులో కాయిల్ మార్చకముందే మిస్సింగ్ ఉందని నోట్‌బుక్‌లో రాసి ఉంది. అంటే దానికి కారణం కాయిల్ కాదని ఆ పేజీలోనే ఉంది. రెండు తప్పులు దొరికిన సంతోషంలో మూడోదాన్ని చూడలేదు.

నాలుగో రోజు ఫోను

"బాబూ, హనుమాన్ జంక్షన్ దాటాక మళ్లీ మిస్సింగ్. ఆగట్లేదు కానీ తన్నుకుంటూ వెళ్తోంది" అన్నారు. తెమ్మన్నాను. ఈసారి పక్కన కూర్చుని ఏలూరు రోడ్డులో గన్నవరం దాకా వెళ్లాను.

ఐడ్లింగ్‌లో ఏమీ లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే కూడా ఏమీ లేదు, శుభ్రంగా లాగుతోంది. యాభై మీద సగం కాలు పెట్టి నిలకడగా వెళ్తుంటే మాత్రం ఉండుండి ఎవరో స్విచ్ ఆపి వేసినట్టు కుదుపు. పెట్రోలు పంపేమో అన్నారు మాస్టారు. పెట్రోలు తక్కువైతే బండి మెల్లగా నీరసిస్తుంది, ఇలా కత్తితో కోసినట్టు తెగదు. పైగా పూర్తిగా తొక్కినప్పుడే పెట్రోలు ఎక్కువ కావాలి, అప్పుడు బాగుంది. సగం కాలుకే వచ్చే కరెంటు తప్పు అనగానే నాకు గుర్తొచ్చేది వ్యాక్యూమ్ అడ్వాన్స్.

డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న డబ్బా ఉంటుంది, కార్బొరేటర్ నుంచి దానికి సన్న గొట్టం. థ్రాటిల్ కొంచెం తెరుచుకున్నప్పుడు ఆ గొట్టంలో పీల్పు ఎక్కువై, పాయింట్లు బిగించిన ప్లేటుని కాస్త తిప్పుతుంది. ఐడ్లింగ్‌లో, ఫుల్ థ్రాటిల్‌లో పీల్పు ఉండదు, ప్లేటు కదలదు. బండి పక్కకు ఆపి, కార్బొరేటర్ దగ్గర ఆ గొట్టం ఊడదీసి, ఐడ్లింగ్‌లో ఉండగానే నోటితో పీల్చాను. ఇంజిన్ తడబడింది. వదిలాను, సర్దుకుంది. మళ్లీ పీల్చాను, మళ్లీ తడబడింది. కార్బొరేటర్ వైపు కంత మూసేసి, గొట్టం లేకుండానే తిరిగి విజయవాడ దాకా నడిపితే ఒక్క కుదుపు కూడా లేదు.

ప్లేటు కదిలినప్పుడు ఏదో తెగుతోంది. షాపులో క్యాప్, రోటర్ తీసి, పాయింట్లు మూసుకునేలా ఇంజిన్ తిప్పి, కీ ఆన్ చేసి, డిస్ట్రిబ్యూటర్ సన్న వైరు టెర్మినల్‌కీ డిస్ట్రిబ్యూటర్ బాడీకీ మధ్య వోల్టేజి చూశాను. 0.15. బాగుంది. మీటరు అలాగే ఉంచి స్క్రూడ్రైవర్ కొసతో ప్లేటుని మెల్లగా జరిపాను. 0.15, 0.6, 1.9, ఒకసారి ఏకంగా 12 చూపించి మళ్లీ కిందికి. లోపలికి టార్చి వేసి చూస్తే కదిలే ప్లేటు నుంచి బాడీకి రెండంగుళాల బట్ట తొడుగు తీగ ఒకటుంది. దాని ఐలెట్ (స్క్రూ పట్టే చిన్న రింగు) మూలంలో రాగి పోగులన్నీ తెగి, బట్ట తొడుగు ఒక్కటే పట్టుకుని ఉంది. తొడుగు చెక్కు చెదరలేదు కాబట్టి చూసినవాళ్లందరికీ తీగ ఉన్నట్టే కనబడింది. పాయింట్లు రెండుసార్లు మార్చిన చేతులు (అందులో నావీ ఉన్నాయి) దాని పక్కనే పనిచేసి వచ్చేశాయి.

అది కూడా ఎర్తే. పాయింట్ల కరెంటు ప్లేటు నుంచి బాడీకి దిగే దారి. గేర్‌బాక్స్ దగ్గర జానెడు పట్టీ ఏ పని చేస్తుందో, డిస్ట్రిబ్యూటర్ లోపల ఈ రెండంగుళాల తీగ అదే పని చేస్తుంది.

ఆ తీగ విడిగా షాపుల్లో దొరకలేదు. మామూలు వైరు ముక్క వేస్తే కుదరదు. ప్లేటు రోజుకి వేలసార్లు కదులుతుంది, గట్టి వైరు నెలలో తెగుతుంది. మా దగ్గర పాత డైనమో కార్బన్ బ్రష్‌లు డబ్బా నిండా ఉంటాయి. ఆ బ్రష్‌ల తోక వెంట్రుకల్లాంటి రాగి పోగులతో అల్లి ఉంటుంది, ఎన్నిసార్లు వంచినా తెగదు. ఒక మంచి తోక కోసి, రెండు చివర్లా చిన్న ఐలెట్లు నొక్కి, కొసల్లో మాత్రమే సోల్డర్ పెట్టాను. సోల్డర్ తీగ పొడవునా పాకితే అది పుల్లలా బిగుసుకుని అక్కడే విరుగుతుంది, అందుకే పట్టుకారుతో మధ్యలో పట్టుకుని వేడి పాకకుండా చూశాను. సన్న తొడుగు వేసి, క్యామ్‌కి తగలకుండా వంపు తిప్పి బిగించాను. ప్లేటు ఈ చివర నుంచి ఆ చివరకు ఎంత తిప్పినా 0.12 దగ్గరే మీటరు నిలబడింది.

గొట్టం తగిలించి ఈసారి నూజివీడు దాకా నేనే నడిపాను. ఇంటి ముందు బండి ఆపి, చల్లారకముందే మూడుసార్లు ఆపి స్టార్ట్ చేశాను. మాస్టారు వరండాలో కూర్చుని పుస్తకం తీసి రాసుకున్నారు. పట్టీ, పాయింట్లు, కూలీ కలిపి 1,150 రూపాయలు. నాలుగో రోజు పనికి నేను తీసుకోలేదు. అది మొదటిరోజే పూర్తి చేయాల్సిన పని. అంతకుముందు ఆరు నెలల్లో బ్యాటరీకీ, మోటారుకీ, కాయిల్‌కీ ఆయన పెట్టింది ఆ పుస్తకంలోనే కూడితే పద్నాలుగు వేలు దాటింది.

వర్షాకాలం అయ్యాక, సరిగ్గా పది నెలలకు, ఆయిల్ మార్చడానికి పక్క షాపుకొచ్చి నా దగ్గరికీ వచ్చారు. అడక్కుండానే మీటరు తెచ్చి సెల్ఫ్ కొట్టమన్నాను. బ్లాక్‌కి 0.14. చోక్ నాబ్ లాగి చూశాను, వెన్నలో వేలు దిగినట్టు వచ్చింది; అక్టోబరులో వేసిన వైరే. పాత పట్టీ నేను పారేద్దామనుకున్నాను కానీ మాస్టారు అడిగి తీసుకున్నారు. డిక్కీ తెరిస్తే గోనెసంచిలో, కరిగిన రెండు చోక్ వైర్ల పక్కన, తారీఖు రాసిన కాగితం చుట్టి ఉంది.